అక్షరం దిద్దించే చేయి

(శ్రీపంచమి పర్వదినాన దేవస్థాన ప్రాంగణంలో జరిగిన సామూహిక అక్షరాభ్యాస కార్యక్రమం ముగింపులో చేసిన ప్రసంగ పాఠం)

   

ఈ ఉదయం ఇక్కడ ఎందరో చిన్నారులకు అక్షరాభ్యాసం జరిగింది. నేను ఒక స్తంభానికి ఆనుకొని కూర్చొని చూస్తూ ఉన్నాను. కొందరు పిల్లలు ఏడ్చారు. కొందరు పళ్లెంలోని బియ్యాన్ని గుప్పిళ్లతో ఎత్తి నోట పోసుకోబోయారు. ఒక చిన్నది మాత్రం తండ్రి పట్టుకొన్న చేతిని విడిపించుకొని, తన చూపుడువ్రేలితో బియ్యంలో ఒక సున్న చుట్టింది. తండ్రి గాభరాపడి ఆ సున్నను చెరిపివేసి, మళ్లీ చేయి పట్టుకొని ‘ఓం’ వ్రాయించాడు. ఆయన తప్పు చేశాడని అనను. పురోహితుడు చెప్పినది చెప్పినట్లు చేయాలని ఆయన శ్రద్ధ. కానీ ఆ సున్న దగ్గరే నా మనస్సు నిలిచిపోయింది. ఈ నాలుగు మాటలూ దాని నుండి పుట్టినవే.

మన సంప్రదాయంలో బిడ్డకు సంబంధించి బియ్యంలో వ్రాసే సందర్భాలు రెండున్నాయి. మొదటిది నామకరణం. పురిటిశుద్ధి అయిన పదకొండవనాడో, ఆచారాన్ని బట్టి మరొకనాడో, పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి బంగారు ఉంగరంతో అందులో బిడ్డ పేరు వ్రాస్తాడు. తన పేరును లోకం మొదటిసారి వ్రాసిన ఆ వేళ బిడ్డ కన్ను తెరిచి కూడా చూడడు. రెండవది అక్షరాభ్యాసం. ఇక్కడ మళ్లీ అదే పళ్లెం, అదే బియ్యం. కాని వ్రేలు మాత్రం బిడ్డది. మొదటి సందర్భంలో పేరు వ్రాసిపెట్టినవాడు తండ్రి. ఆ పేరును బిడ్డ తన చేతితో తాను వ్రాసుకొన్ననాడు గాని ఆ తండ్రి మొదలుపెట్టిన పని పూర్తికాదు. ఈ రెండు పళ్లేల నడుమ ఉన్న దూరాన్ని దాటించడమే అక్షరాభ్యాసానికి ప్రయోజనమని నేను భావిస్తాను.

కాళిదాస మహాకవి రఘువంశం మూడవ సర్గలో బాలుడైన రఘువు లిపిని అభ్యసించిన తీరు చెబుతూ, నదీముఖం గుండా సముద్రంలో ప్రవేశించినట్లు అతడు వాఙ్మయంలో ప్రవేశించాడంటాడు. ఎంత గొప్ప వాఙ్మయానికైనా ద్వారం ఈ చిన్న అక్షరమే. ఆ ద్వారం వరకు మనం ఎత్తుకొని పోగలం. లోపలికి మాత్రం బిడ్డ తన కాళ్లతోనే నడవాలి.

మన పూర్వులు ఈ పనిని ఎలా చేసేవారో చెప్పడానికి ఒక పాత దాఖలా ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ఆయా జిల్లాలలో ఎన్ని పాఠశాలలున్నాయో, ఏమి నేర్పుతున్నారో తెలుపవలసిందని కలెక్టర్లను కోరాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 పాఠశాలలు ఉన్నాయనీ, అందులో 226 చోట్ల తెలుగు నేర్పుతున్నారనీ ఆయన లెక్క వ్రాశాడు. బిడ్డకు అయిదేండ్లు రాగానే గురువునూ తోటి విద్యార్థులనూ ఇంటికి పిలుస్తారనీ, అందరూ గణపతి ప్రతిమ చుట్టూ కూర్చుంటారనీ, గురువు బిడ్డ చేయి పట్టుకొని బియ్యంలో దేవుని నామం వ్రాయిస్తాడనీ వర్ణించాడు. మరునాటి నుండి చదువు మొదలు. ఆ చదువులో పిల్లవాడు మొదట అక్షరాలను నేలమీది ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుకొంటాడనీ, ఐరోపావారివలె ముందుగా వర్ణమాలను వల్లెవేయడం కాదనీ ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

అంతకు ముప్పై ఏండ్లకు పూర్వమే, మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమానికి అధికారిగా ఉన్న ఆండ్రూ బెల్ అనే ఆయన, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేళ్లతో వ్రాయడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. ఇంగ్లండుకు మరలి 1797లో దానిని గూర్చి పుస్తకం అచ్చువేశాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. మన వీధి బడి ఇసుక అంత దూరం పోయింది.

నేనూ ఆ ఇసుకలో వ్రాసినవాణ్ణే. మా ఊరి బడిలో గురువుగారు నేలమీద ఏటి ఇసుక పరచి, తమ వ్రేలితో లోతుగా అక్షరం వ్రాసేవారు. ఆ గాడిలో మా వ్రేలు పెట్టి నోటితో పలుకుతూ దిద్దేవాళ్లం. ఓం నమః శివాయ అని ఆరంభం గనుక ఆ అక్షరాలకు ఓనమాలు అని పేరు. దిద్దిన తరువాత గురువుగారు అరచేతితో ఇసుకను చదును చేసి, “ఇప్పుడు నువ్వు వ్రాయి” అనేవారు. ఆ అరచేయి చేసిన పని ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలియలేదు. చాలా ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది. అయినా చెబుతాను.

అంతకు ముందు ఒక్క మాట. తెలుగులో ‘దిద్దు’ అనేది చాలా అందమైన క్రియ. నుదుట తిలకం దిద్దుతాము. వాకిట ముగ్గు తీర్చి దిద్దుతాము. వ్రాసిన అక్షరం మీదనే మళ్లీ వ్రాయడాన్ని దిద్దడమంటాము. చేసిన తప్పును సరిచేయడాన్నీ దిద్దడమే అంటాము. ఒకరు వ్రాసినదానిని అనుసరించడం, తన తప్పును తాను సవరించుకోవడం — ఈ రెండింటికీ మన భాషలో మాట ఒకటే. ఈ సంగతి మనస్సులో ఉంచుకొని నా కథ వినండి.

ఉద్యోగ విరమణ అయిన తరువాత సాయంకాలాలు మా ఇంటి అరుగుమీద వీధి పిల్లలకు నాలుగక్షరాలు చెప్పేవాణ్ణి. వారిలో ఒక పిల్లవాడికి ఆరేండ్లు. నాయనమ్మ తీసుకొని వచ్చి దింపేది. ఆమెకు చదువు రాదు. వాడిచేత పేరు వ్రాయించాలని ఆమె కోరిక. నేను పలకమీద వాడి పేరు గుండ్రంగా వ్రాసి ఇచ్చేవాణ్ణి. వాడు ఎంతో శ్రద్ధగా దిద్దేవాడు. గీత తప్పేవాడు కాడు. కొన్ని నెలలు అలాగే నడిచింది. “ముత్యాల్లా ఉన్నాయిరా” అని మెచ్చుకొనేవాణ్ణి. నాయనమ్మ సంతోషంతో ఇంటికి తీసుకొని పోయేది.

వినాయక చవితి వచ్చింది. పూజలో పెట్టడానికి వాడికి కొత్త పుస్తకం కొన్నారు. నాయనమ్మ ఆ పుస్తకానికి నాలుగు మూలలా పసుపు పెట్టి, వాణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. “పంతులుగారి ముందరే పేరు రాయరా, నాయనా” అన్నది. వాడు మొదటి పుట తెరిచి, పెన్సిలు పట్టుకొని కూర్చున్నాడు. ఎంతసేపటికీ చేయి కదలలేదు. చివరకు తలయెత్తి నావైపు చూసి, “తాతగారూ, మీరు రాసిపెట్టండి, నేను దిద్దుతాను” అన్నాడు.

ఆ ముసలామె నన్ను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం తల వంచుకోవలసి వచ్చింది. నేను మెచ్చుకొన్న ముత్యాలు వాడివి కావు, నావి. వాడి వ్రేళ్లు నా గీత వెంట నడవడం నేర్చుకొన్నాయిగాని, గీత లేనిచోట నడవడం నేర్చుకోలేదు. ఆ తప్పు వాడిది కాదు. మా గురువుగారు చదును చేసిన ఆ ఇసుకను నేను ఒక్కనాడూ వాడి ముందు చదును చేయలేదు.

మరునాటి నుండి పద్ధతి మార్చాను. ఆ పద్ధతిని మీకు విన్నవిస్తాను. ఇంటిలో తల్లిదండ్రులు ఎవరైనా చేయవచ్చు. ఒక వెడల్పాటి పళ్లెం, జల్లెడ పట్టిన సన్నని ఇసుక ఉంటే చాలు. బియ్యం శుభకార్యానికే ఉంచండి.

మొదటి మెట్టులో ఇసుకలో అక్షరాన్ని పెద్దదిగా వ్రాయాలి. పిల్లవాడి చేతిమీద మన చేయి వేసి, ఆ అక్షరాన్ని నోటితో పలుకుతూ రెండు మూడుసార్లు దిద్దించాలి. అంతకు మించి వద్దు. వ్రేలు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిరగాలో తెలియడానికే మన చేయి.

రెండవ మెట్టులో మన చేయి తీసివేయాలి. అక్షరం ఉంటుంది, పిల్లవాడి వ్రేలు ఉంటుంది.

మూడవ మెట్టులో గీత కూడా తీసివేసి చుక్కలు పెట్టాలి. తల్లులకు ఇది నేను చెప్పనక్కరలేదు. చుక్కలు పెట్టి ముగ్గు కలపడం మీకు వెన్నతో పెట్టిన విద్య. మొదలుపెట్టవలసిన చుక్కను కాస్త పెద్దదిగా పెట్టండి. రోజురోజుకూ చుక్కల సంఖ్య తగ్గిస్తూ రండి. చివరకు ఆ మొదటి చుక్క ఒక్కటే మిగలాలి.

నాలుగవ మెట్టులో మన అక్షరం పైన ఉంటుంది, పిల్లవాడు క్రింద ఖాళీలో చూసి వ్రాస్తాడు. అయిదవది మా గురువుగారి అరచేయి. అంతా చెరిపి, “ఇప్పుడు నువ్వు వ్రాయి” అనడం.

పేరు విషయంలో మరొక ఉపాయం ఉన్నది. పేరంతా మనం వ్రాసి చివరి అక్షరం మాత్రం పిల్లవాడికి వదలాలి. అది వచ్చిన తరువాత చివరి రెండక్షరాలు వదలాలి. ఇలా వెనుకనుండి ముందుకు రావాలి. మొదటి అక్షరం మాత్రమే నేర్పి ఆపితే ప్రతి దినమూ పని సగంలో ఆగిపోయినట్లుంటుంది. ఈ విధంగా చేస్తే ప్రతి దినమూ పేరును పూర్తిచేసేవాడు పిల్లవాడే అవుతాడు. పూర్తిచేశాననే తృప్తి వాణ్ణి మరునాడు పళ్లెం దగ్గరకు తెస్తుంది.

అన్ని పేర్లూ ఒక్క తీరుగా ఉండవు. ‘కమల’ వంటి పేరు సులువు. మూడు అక్షరాలు, ఒత్తులు లేవు. ‘కృష్ణ’ చూడడానికి రెండక్షరాలే. కాని అందులో వట్రసుడి ఉన్నది, ణ ఒత్తు ఉన్నది. అటువంటి పేరున్న బిడ్డకు మొదట క, ష, ణ విడివిడిగా ఇసుకలో రానివ్వాలి. ఆ తరువాతనే వట్రసుడీ ఒత్తూ చేర్చాలి. అంతవరకు ఇంటిలో పిలిచే చిన్న పేరు ఏదైనా ఉంటే దానిని వ్రాయనివ్వండి. అక్షరాల చుట్టరికం కూడా చూపండి. ‘ద’ వచ్చిన చేతికి ‘ధ’ ఒక చిన్న గీత దూరంలో ఉన్నది. ‘ప’ వచ్చిన చేతికి ‘ష’ దగ్గరే. ‘మ’ వ్రాయబోయి ‘వు’ వ్రాసే పిల్లలు చాలామంది ఉంటారు. అది తెలివితక్కువ కాదు, ఆ రెండూ అంత దగ్గర పోలికలు.

విదేశాలలో ఉన్న మన బిడ్డలు, ఇక్కడి బిడ్డలు కూడా చాలామంది, తమ పేరును ముందుగా ఇంగ్లీషులోనే వ్రాస్తున్నారు. దానికి విచారించవద్దు. ‘కమల’ అని ఇంగ్లీషులో వ్రాయాలంటే ఆరక్షరాలు కావాలి, తెలుగులో మూడు చాలు. ఆరు వ్రాయగలిగిన చేతికి మూడు బరువు కావు. మనం పళ్లెం ముందు పెట్టడమే ఆలస్యం.

ఇక రెండు హెచ్చరికలు. మొదటిది వయస్సును గూర్చి. అయిదవ ఏట, అయిదవ మాసం, అయిదవ దినం విద్యారంభానికి మంచిదని పూర్వులు భావించినట్లు ఆనాటి రాజమండ్రి కలెక్టరు నివేదికలో ఉన్నది. ఈ రోజులలో మూడవ ఏటనే అక్షరాభ్యాసం జరిపిస్తున్నాము. జరిపించండి, అది అమ్మవారి ఆశీస్సు. కాని ఆ మరునాటి నుండే పెన్సిలు పట్టించి పుటలు నింపమని మూడేండ్ల బిడ్డను బాధించవద్దు. ఆ లేతవ్రేళ్లకు ఇసుక చాలు. దినానికి పది నిమిషాలు చాలు. బిడ్డ లేచిపోతే పోనివ్వండి.

రెండవది ఎడమచేతిని గూర్చి. పూజా సమయంలో కుడిచేయి వాడడం మన ఆచారం. ఈనాడు బియ్యంలో కుడిచేతితోనే వ్రాయించాము. కాని కొందరు బిడ్డలకు పుట్టుకతో ఎడమచేయి వాటం. అటువంటి బిడ్డ రేపటి నుండి ఎడమచేతితో బలపం పట్టుకొంటే కొట్టవద్దు, చేయి మార్చవద్దు. ఆ చేతిని అట్లా ఇచ్చినది కూడా ఈ తల్లియే.

మళ్లీ ఆ పిల్లవాడి దగ్గరకు వస్తాను. కొత్త పద్ధతి మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఒక సాయంకాలం ఇసుక చదును చేసి, వ్రాయమన్నాను. వ్రాశాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఒకటి ఏనుగంత, ఒకటి ఎలుకంత. వాడి పేరులో ఒక ‘మ’ ఉన్నది. అది అచ్చంగా ‘వు’ లాగే వచ్చింది. సరిచేయడానికి నా చేయి దానంతట అదే లేచింది. బలవంతాన ఆపుకొన్నాను. నాయనమ్మ అరుగు చివర కూర్చొని ఉన్నది. “ఏం రాశావురా?” అని అడిగింది. వాడు ఒక్కొక్క అక్షరం క్రింద వ్రేలు పెట్టి గట్టిగా చదివాడు. ‘మ’ దగ్గరకు రాగానే ఆగాడు. తల పక్కకు వంచి చూశాడు. ఆ ఒక్క అక్షరాన్ని తానే చెరిపి, మళ్లీ వ్రాశాడు.

ఆనాడు నాకు ‘దిద్దు’ అనే మాటకు ఉన్న రెండు అర్థాలూ ఒక్కచోట కనిపించాయి. అంతకాలం వాడు నేను వ్రాసినదానిని దిద్దాడు. ఆనాడు తాను వ్రాసినదానిని తానే దిద్దుకొన్నాడు. మొదటిది రెండవదానికోసమే. రెండవది రాకుండా మొదటిదానితోనే ఆపివేస్తే, మనం బిడ్డకు విద్య నేర్పలేదు, మన చేతి నీడ నేర్పాము.

చివరగా దాతలకు ఒక విన్నపం. నేనూ మీలో ఒకణ్ణే గనుక చనువుగా చెబుతున్నాను. ఈ కార్యక్రమంలో పంచే పలకల చట్రం మీద దాతల పేర్లు అచ్చువేయడం ఆనవాయితీగా ఉన్నది. కొన్నేండ్ల క్రితం నా సహధర్మచారిణి స్మృత్యర్థం నేను కొన్ని పలకలు సమర్పించాను. వాటిమీద మా ఇద్దరి పేర్లూ వేయించుకొన్నాను. పంపిణీ అయిన తరువాత ప్రసాదశాల మెట్లమీద ఒక చిన్నది పలక ఒడిలో పెట్టుకొని, అచ్చు అక్షరాల మీద వ్రేలు పెట్టి దిద్దుతూ ఉన్నది. ముచ్చటపడి దగ్గరకు వెళ్లి చూశాను. ఆమె దిద్దుతున్నది నా పేరు.

ఆ పలక ఆమె పేరుకోసం ఇచ్చినది. దానిమీద అచ్చయి ఉన్నదేమో నా పేరు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుచేత మీకూ, దేవస్థానం పెద్దలకూ నా ప్రార్థన: రాబోయే శ్రీపంచమికి పలక చట్రం ముందుభాగం ఖాళీగా ఉంచుదాము. పలక ఇచ్చేటప్పుడు, దానిమీద బిడ్డ పేరు ఇక్కడే తల్లిచేతనో తండ్రిచేతనో వ్రాయిద్దాము. వ్రాయడం రాని తల్లిదండ్రులకు మా వంటి ముసలివాళ్లం నలుగురం కూర్చొని వ్రాసిపెడతాము. దాతల పేర్లు ఈ పత్రికలో అచ్చు కానివ్వండి. అమ్మవారికి మన పేర్లు తెలియవా? ఆమెకు మనం వ్రాసి చూపనక్కరలేదు. వ్రాయడం నేర్చుకోవలసినది ఈ బిడ్డలు.

తల్లులారా, తండ్రులారా! ఈ సాయంకాలం ఇంటికి వెళ్లిన తరువాత పళ్లెంలో ఇసుక పోసి బిడ్డ ముందు పెట్టండి. రెండుసార్లు చేయి పట్టుకొని దిద్దించండి. మూడవసారి చేయి వదలండి. బిడ్డ సున్న చుట్టినా సరే, చెరపవద్దు. మన తెలుగు అక్షరాలలో సున్న చుట్టనవసరం లేనివి ఎన్ని ఉన్నాయి గనుక! ఈ ఉదయం తండ్రి చెరిపివేసిన ఆ సున్న, ఆ చిన్నది తనంతట తాను వ్రాసిన మొదటి వ్రాత. ఆ తండ్రి ఇక్కడే ఉంటే, దానిని ఆమెచేత మళ్లీ చుట్టించవలసిందని కోరుతున్నాను. ఈసారి చేయి పట్టుకోకుండా.

ఈ బిడ్డలందరి చేతులలో అక్షరం అక్షయంగా నిలుచునట్లు వాగ్దేవి అనుగ్రహించుగాక.

శుభం భూయాత్.